మన్ను పడనివ్వని మనిషి

ఇంజన్ మేస్త్రీ పోయాడన్న మాట నాకు ఉప్పు బండివాడి నోట తెలిసింది. వారానికోసారి గార్లదిన్నె మీదుగా మా ఊరికి వచ్చే మనిషి. నా చేటలో ఉప్పు కొలిచి పోస్తూ, "మీ బాయికాడికి వస్తాండె గదమ్మా, ఇంజన్లు రిపేరీ చేసే ఆయప్ప, పోయినాడు. నాలుగు దినాలాయె" అన్నాడు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టే చెప్పి, ఎద్దుల్ని అదిలించి వెళ్లిపోయాడు.

నేను చేట ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఆయన కోసం ఏడవడానికి నాకు మొహం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.

ఆయన పేరు నాకు తెలియదు. పన్నెండేళ్లు మా బావి దగ్గరికి వచ్చిపోయిన మనిషి పేరు నేను ఏనాడూ అడగలేదు. మేస్త్రీ అంటే మేస్త్రీ, అంతే. నాకు చదువు లేదు, నా పేరు నాలుగక్షరాలు మాత్రం కూడబలుక్కుని రాస్తాను. నేను చెబుతుంటే మా ఊరి పంతులమ్మ రాస్తోంది. మెరుగులు దిద్దొద్దని చెప్పాను.

పొట్టి మనిషి. నరాలు తేలిన చేతులు. ఖాకీ చొక్కా, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె. ఇంజన్ పని చేసేవాళ్ల గోళ్ల సందుల్లో నల్లటి మడ్డి ఎప్పుడూ ఉంటుంది కదా, ఈయన గోళ్లు మాత్రం కండ కనబడేంత లోపలికి కత్తిరించి ఉండేవి. "గోరు సందున ఒగ మడికి సరిపోయే మన్ను దాంకుంటాదమ్మా" అనేవాడు. పనికి కూర్చునేముందు తలకు తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు, చెమట చుక్కా వెంట్రుకా లోపల పడకుండా. పని మధ్యలో మాట్లాడాల్సి వస్తే తల పక్కకు తిప్పి మాట్లాడేవాడు. తుమ్ము వస్తే లేచి పది అడుగులు అవతలికి పరిగెత్తేవాడు. ఆ పరుగు చూసి బావి మీద అందరం నవ్వేవాళ్లం.

సైకిల్ వెనక ఇనుప పెట్టె ఉండేది. లోపల ప్రతి పానాకూ ఒక గుడ్డ తొడుగు. అన్నిటికంటే అడుగున, కాగితంలో చుట్టి, అరచేయంత పట్టుగుడ్డ ముక్క. చిలకపచ్చ రంగు. ధర్మవరంలో మగ్గం వాళ్ల ఇంట్లో అడిగి తెచ్చుకున్నాడట. నూనె చిమ్మే సన్నటి సూది లాంటి సామాను ఒకటి ఉంటుంది ఇంజన్‌లో. దాన్ని ఆ పట్టుగుడ్డతో తప్ప తుడిచేవాడు కాదు. నూలు పోగు వదులుతుంది, పట్టు వదలదు అనేవాడు.

"ఏమన్నా, ఇంజన్‌కి పట్టుబట్ట, నీ పెండ్లానికి నూలు కోకనా?" అని అడిగాను ఒకసారి.

"నా పెండ్లాము మన్ను తిన్నా అరాయించుకుంటాదిమ్మా. ఇది అరాయించుకోలేదు" అన్నాడు, నవ్వకుండా.

ఆయన మా బావికి మొదటిసారి వచ్చిన రోజు చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన మరుసటేడు మా ఆయన కపిలె ఎద్దులు అమ్మి ఆయిల్ ఇంజన్ తెచ్చాడు. ఎద్దులు పొద్దంతా తోడే నీళ్లు అది పూటలో తోడేది. ఊరంతా చూడడానికి వచ్చారు. రెండు పంటలు బాగా ఆడింది. తరవాత నల్లపొగ కక్కడం, దమ్ము లేక ఆగిపోవడం మొదలైంది. అనంతపురం నుంచి ఒకతను వచ్చి, చెట్టు కింద ఇంజన్ విప్పి, బోల్టులన్నీ మట్టిలో పోసి, బీడీ తాగుతూ, మధ్యాహ్నానికల్లా బిగించి పోయాడు. ఎనిమిది రోజులు ఆడింది. మళ్లీ పొగ. అప్పుడు ఎవరో ఈ మేస్త్రీ సంగతి చెప్పారు.

వచ్చినవాడు ఇంజన్‌ను ముట్టుకోలేదు. బావి పక్క ఇంజన్ కొట్టం ముందు నిలబడి, వేలు తడిచేసి గాలిలో పెట్టాడు.

"ఈ పొద్దు కాదన్నా" అన్నాడు.

మా ఆయనకు కోపం ముక్కు మీద ఉంటుంది. "ఏమప్పా, గాలి చూసేకి వచ్చినావా, ఇంజన్ చూసేకి వచ్చినావా?"

"ఇంజన్ పీల్చేది గాలే గదన్నా. ముందు దాన్నే చూడాల."

"ఈ సీమలో గాలి యాడ ఆగుతాదప్పా? గాలి ఆగినాక చేస్తానంటే నా మనమడు రావాల నీళ్లు పెట్టేకి!"

"తెల్లారుజామున ఆగుతాది. కోడి కూసినప్పటి నుంచి పొద్దు బారెడు ఎక్కేదాకా. అంత చాలు నాకు. మిగిలిన పొద్దంతా మూసిపెట్టుకుని కూచుంటా."

అలాగే చేశాడు. మర్నాడు వేకువనే వచ్చాడు. కొట్టం చుట్టూ నీళ్లు చల్లించాడు. పేడనీళ్లు కలపబోతే వద్దన్నాడు, పేడ ఎండి పొట్టు లేస్తుందట, వట్టి నీళ్లే చల్లాలట. గాలి వచ్చే వైపు తడి గోనెపట్టలు వేలాడగట్టించాడు. మనుషుల కాళ్లు కడిగించాడు. మా ఆయన సొంత బావి దగ్గర సొంత కాళ్లు కడుక్కుని లోపలికి పోవాల్సి వచ్చింది. "గుడికి వచ్చినట్లుండాది" అని గొణిగాడు.

"ఇంట్లో చేటలెన్ని ఉండాయి?" అని అడిగాడు మేస్త్రీ తరవాత. ఇంజన్‌కూ చేటలకూ ఏం సంబంధమో ఎవరికీ అర్థం కాలేదు. ఏడు చేటలు తెచ్చి ఇచ్చాను. ఒక్కొక్క చేటలో ఒక్కొక్క భాగానికి చెందిన నట్లూ బోల్టులూ కిరసనాయిలులో కడిగి, ఆరబెట్టి, విప్పిన వరసలోనే పేర్చి, పైన పొడిగుడ్డ కప్పాడు. ఇంజన్‌కు తెరిచిన ప్రతి నోటికీ ఒక గుడ్డ కుక్కాడు. కుక్కేటప్పుడు పైకి లెక్కపెట్టేవాడు, ఒకటి, రెండు, మూడు అని. మూసేముందు ప్రతి గుడ్డా బయటికి తీసి కొట్టం తాడు మీద ఆరేసేవాడు. లోపలికి పోయినవెన్నో బయట అన్ని ఉండాలి. అది తేలందే నట్టు బిగించేవాడు కాదు. పాత కోకల గుడ్డలే కావాలనేవాడు. పదేళ్లు ఉతికిన కోక ఇంక పోగు వదలదు, వదిలేదంతా ఎప్పుడో వదిలేసి ఉంటుంది.

ఇదంతా చూసుకోవడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. అక్కడ నిలబడిన మగవాళ్లను ఒకసారి పారజూశాడు. ఒకరి చెవిలో బీడీ, ఒకరి పంచెకు ఎర్రమన్ను. నేను కొట్టం అవతల కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"ఆ పాపను రానియ్యండి. ఆ కండ్లు కావాల నాకు."

మా అత్త అడ్డం వచ్చింది. "మా కోడలు మొగోళ్ల పని చేసేకి రాలేదు ఈ ఇంటికి."

"మొగోళ్ల పని కాదు పెద్దమ్మా. బియ్యంలో రాయి ఏరే పనే. ఈడ బియ్యం ఇనుపవి, అంతే."

అలా నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. కిరసనాయిలులో సామాను కడగడం, గుడ్డలు లెక్కపెట్టడం, నూనె వడగట్టడం. నూనె పరీక్ష ఒకటి నేర్పాడు. వేలి కొసతో చుక్క తీసి ముందుపళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా కొరకాలి. కంటికి కనబడని ఇసుక పంటికి తెలుస్తుంది. సంగటిలో రాయి పడితే ఎవరికి ముందు తెలుస్తుంది, వండినవాళ్లకు కాదు కదా, తిన్నవాళ్లకు. అదే లెక్క. మొదటిసారి వాంతి వచ్చినంత పనయింది. తరవాత అలవాటయింది. "తగిలిందా?" అని అడిగేవాడు. "తగల్లేదన్నా" అంటే ఇంక తాను చూసుకునేవాడు కాదు. నా పంటి మీద ఆయనకు అంత నమ్మకం.

"రాయి పడితే శబ్దం చేసి చెప్తాది" అనేవాడు. "మెత్తని దుమ్ముతోనే భయం. గమ్మున కూచుని లోపల లోపలే తింటాది. నీకు తెలిసే పొద్దుకు ఏమీ మిగిలుండదు."

ఆయన ఊరి బయట పేట మనిషి. చర్చికి పోయేవాళ్లు. ఆదివారం ఎంత బతిమాలినా పనికి రాడు. ఆ సంగతి మొదటి రోజే మా అత్తకు తెలిసింది. తెలిసినప్పటి నుంచి ఆయన దాహమడిగితే చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసేది. కొన్నాళ్లకు ఆయనే తన అల్యూమినియం గ్లాసు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. సంగటీ ఊరిబిండీ ఆకులో పెట్టి కొట్టం బయట రాతి మీద ఉంచేది. ఆయన ఆకు దులిపి తినేవాడు, అక్కడ దుమ్ము పడుతుంది కనుక. ఆయన పోయాక అత్త పసుపునీళ్లు తెచ్చి ఇంజన్ మీద చిలకరించేది. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ఆ పసుపు మరకలు చూసేవాడు. చూసి, ఏమీ అనకుండా తుడిచేసేవాడు. నేనూ చూసేదాన్ని. ఏమీ అనేదాన్ని కాదు.

ఇక ఆ సంవత్సరం సంగతి.

రెండేళ్లుగా వానలు లేవు. చెరువు నెర్రెలిచ్చింది. మా బావిలో మాత్రం నీళ్లు అడుగున ఉన్నాయి. ఉన్న నీళ్లు నమ్ముకుని రెండు మళ్లలో వేసవి వరి పెట్టాం. పై మడి, కింది మడి. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అదే. వైశాఖం నడుస్తోంది. వరి పొట్ట మీద ఉంది. అప్పుడు ఇంజన్ పడుకుంది. ఆ పొట్ట మీద నీళ్లు నాలుగు రోజులు తప్పితే గింజ పాలు పోసుకోదు, తాలు అయిపోతుంది. మేస్త్రీకి కబురు పెడితే ఆ రోజే వచ్చాడు.

ఈసారి పైపైన కాదు, మొత్తం విప్పాలన్నాడు. పిస్టన్ బయటికి తీశాడు. రింగులు మార్చాడు. చెయ్యి భుజం దాకా లోపల పెట్టి అడుగున మడ్డి తీశాడు. వేకువన పని, ఎండెక్కి గాలి లేస్తే మూసిపెట్టడం. సుడిగాలులు కొట్టం చుట్టూ తిరిగేవి. ఆయన మూసిన ఇంజన్ మీద తన దుప్పటి కప్పి, దాని అంచులు కాళ్లతో తొక్కిపట్టుకుని కూర్చునేవాడు, పిల్లల్ని కప్పుకున్న కోడిలాగా. మూడు రోజులయింది. మా ఆయన మడి గట్టుకూ కొట్టానికీ తిరుగుతూనే ఉన్నాడు.

"ఏమప్పా మేస్త్రీ, నీ సుద్దంలో నా వరి సచ్చేటట్లుండాదే!"

"రేపు నీళ్లిస్తానన్నా. బిరీన మూస్తే ఎనిమిది దినాలు. నెమ్మదిగా మూస్తే ఎనిమిదేండ్లు. నువ్వే చెప్పు."

ఆ మూడో రోజు సాయంత్రం అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. గుడి విభూది, అందులో పసుపు కలిపి.

"రేపు మూసేటప్పుడు ఇది లోపల ఎయ్యి."

"అత్తా, లోపల ఏమీ పడగూడదంట."

"ఇన్నాళ్లు పైన చల్లినా. ఈసారి కడుపులోకంతా చెయ్యి పెట్టినాడే ఆయప్ప. ఆ నీళ్లు మన మడికి పారల్ల, ఆ వడ్లు మనం దేవునికి వండి పెట్టల్ల. ఆ చెయ్యి తగులుతాండేదానికే బాయిలో నీళ్లు అడుక్కి పోయినాయి. నీకేం తెలుసు!"

"మేస్త్రీ ఒప్పుకోడత్తా."

"వాన్ని అడగమన్నానా? నాలుగేండ్లాయె వచ్చి, ఒగ బిడ్డను ఎత్తుకోలేదు. చెప్పింది చెయ్యడం గూడా చేతగాకుంటే రేపే నీ నాయనింటికి పో."

ఆ మాట ఆమె అంతకుముందు కూడా చాలాసార్లు అన్నది. ఉత్త మాట కాదని నాకు తెలుసు. మా పక్క ఊళ్లో మా ఆయనకు వేరే సంబంధం చూసి పెట్టిందని కూడా తెలుసు.

మర్నాడు పొద్దు పొడిచేసరికి ఇంజన్ బిగించడం అయిపోయింది. గుడ్డలు పదకొండు, పదకొండూ తాడు మీద ఆరేశాను. ఆయన వేలుపెట్టి లెక్కపెట్టాడు. ఇంక అడుగు తొట్టిలో నూనె పోయడమే మిగిలింది. నూనె డబ్బా నాకిచ్చి, "రెండు మడతల్లో వడగట్టి పొయ్యమ్మా" అని చేతులు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి పోయాడు. మా ఆయన ఇద్దరు మనుషులతో బావిలో దిగి పైపు చూస్తున్నాడు. కొట్టంలో నేనొక్కదాన్నే.

నూనె వడగట్టాను. పంటి కింద పెట్టి చూశాను. నున్నగా ఉంది. పోశాను. పోశాక కొంగు ముడిలోంచి పొట్లం తీసి, ఆ రంధ్రంలోకి చిటికెడు, మళ్లీ చిటికెడు వేశాను. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేది. మూత పెట్టేశాను.

మేస్త్రీ తిరిగి వచ్చాడు. "పంటికి తగిలిందా?"

"తగల్లేదన్నా."

ఆయన తల ఊపాడు. నా మాట మీదనే.

మా ఆయన ఆ ఇద్దరితో పైకి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. అత్త టెంకాయ పట్టుకుని కొట్టం బయట నిలబడింది. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగింది. లోపల నూనె చప్పుడయింది. రెండో చుట్టు తిరిగింది. ఆ చప్పుడు వింటుంటే నా ముందుపళ్ల మధ్య ఇసుక నలిగినట్టయింది.

"వద్దు! తిప్పొద్దు!" అని అరిచాను.

అందరూ నా వైపు తిరిగారు. "ఏందే?" అన్నాడు మా ఆయన. అత్త కళ్లు నా మీదే ఉన్నాయి. మేస్త్రీ నా మొహం చూశాడు. తరవాత పసుపు అంటిన నా కుడిచేతి వేళ్లు చూశాడు. నూనె డబ్బా తీసుకునే వంకతో దగ్గరికి వచ్చి, తల పక్కకు తిప్పి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"ఏమేసినావమ్మా?"

"ఇబూది... పసుపు."

ఎందుకని అడగలేదు. ఒక్క క్షణం తన చేతులు చూసుకున్నాడు. ఇంకా తడిగా ఉన్నాయవి. తరవాత మా ఆయన వైపు తిరిగాడు.

"హ్యాండిల్ ఇడ్సిపెట్టన్నా. తప్పు జరిగింది. లోపల గుడ్డ ఒగటి మర్సినా. మళ్ల విప్పాల."

మా ఆయన అన్న మాటలు ఇక్కడ చెప్పను, పంతులమ్మ రాయలేదు. అమ్మనూ అక్కనూ తెచ్చాడు. చెప్పు తీసుకోబోతే మిగతా ఇద్దరూ పట్టుకున్నారు. మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. అన్నిటికంటే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది మా అత్త మాట.

"కడుపులో గుడ్డ పెట్టి కుట్టేసే వైద్యుని మాదిరుండావే! ఇదేనా నీ సుద్దం?" అన్నది, టెంకాయ చంకలో పెట్టుకుని.

పదకొండు గుడ్డలూ అందరి కళ్లముందే తాడు మీద ఊగుతున్నాయి. ఒక్కరూ లెక్కపెట్టలేదు. లెక్క తెలిసినదాన్ని నేనొక్కదాన్ని, నేను నోరు విప్పలేదు.

అప్పటికే గాలి లేచింది. ఆ రోజు తెరవడానికి లేదు. మర్నాడు వేకువన మళ్లీ మొత్తం విప్పి, నూనె పారబోసి, ప్రతిదీ రెండుసార్లు కడిగాడు. ఈసారి నన్ను పిలవలేదు. అన్నీ ఒక్కడే చేసుకున్నాడు. మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. పై మడి బతికింది. కింది మడి తాలు పోయింది. చేత్తో నలిపితే పొట్టు ఎగిరిపోయేది. ఆ ఏడు ఆరు నెలలు జొన్న అంబలి తాగాం.

ఇంజన్ మాత్రం తొమ్మిదేళ్లు మళ్లీ విప్పే పని లేకుండా ఆడింది.

మా ఆయన ఊరుకునే మనిషి కాదు. సంతలో, కల్లు అంగట్లో, కనబడినవాళ్లందరికీ చెప్పాడు, మేస్త్రీ ఇంజన్‌లో గుడ్డ మరిచి మడి ఎండగొట్టాడని. ఆయన శుభ్రం చూసి అంతవరకూ లోపల లోపల ఒళ్లు మండినవాళ్లందరికీ పండగయింది. 'గుడ్డ మేస్త్రీ' అని పేరు పెట్టారు. ఏ ఊరికి పోయినా, "ఏమప్పా, గుడ్డలన్నీ తీసినావా?" అని అడిగేవాళ్లు. కొన్ని ఊళ్లు పిలవడమే మానేశాయి. మాకు మాత్రం కబురు పెడితే వచ్చేవాడు, పైపు పనికో వాషర్ మార్చడానికో. నాతో పొడిగా, మర్యాదగా మాట్లాడేవాడు.

రెండేళ్లకు ఒకసారి గార్లదిన్నె రైలుగేటు దగ్గర ఒంటరిగా ఎదురయ్యాడు. గేటు వేసి ఉంది. సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి పోయాను.

"అన్నా, ఆ పొద్దు నువ్వెందుకు మీదేసుకుంటివి?"

"నువ్వు ఆ ఇంట్లో బతకాల. నాకు పది ఊర్లుండాయి."

"ఇప్పుడు పది లేవు గదన్నా."

ఆయన రైలు వచ్చే వైపు చూస్తూ ఉండి, "ఒగటి అడుగుతానమ్మా" అన్నాడు. "నా చెయ్యి తగిలిందనే గదా?"

నేను తల వంచుకున్నాను.

"ఆ పొద్దు ఎన్నిసార్లు కడిగింటానమ్మా ఆ చేతులు? నువ్వు చూస్తాంటివి గదా."

కోపంగా అనలేదు. నిజంగా లెక్క తెలియక అడిగినట్టు అడిగాడు. గేటు లేచింది. ఆయన సైకిల్ తోసుకుంటూ పట్టాలు దాటాడు.

ఆ తరవాత మా అత్త పోయింది. పెద్దకర్మ అయ్యాక మా ఆయనకు ఉన్నదంతా చెప్పాను. సంతలో నిజం చెప్పమన్నాను. "సచ్చిన తల్లి మీద మాట పడనిమ్మంటావా?" అన్నాడు. అక్కడితో ఆగిపోయింది. నాలుగేళ్ల కింద ఆయనా పోయాడు. అత్త ఉన్నన్నాళ్లు అత్త అడ్డం, మొగుడు ఉన్నన్నాళ్లు మొగుడు అడ్డం అనుకున్నాను. ఈ నాలుగేళ్లు ఎవరు అడ్డం? కరెంటు వచ్చింది, బావికి మోటారు పెట్టాం, మేస్త్రీని పిలిచే పని తప్పింది. పని తప్పింది కనుక మాట కూడా తప్పించుకున్నాను. ఇంతకంటే నా దగ్గర సాకు లేదు.

ఉప్పు బండివాడు చెప్పిన మర్నాడు బస్సెక్కి గార్లదిన్నె పోయాను. ఊరి బయట పేటలో ఇల్లు అడిగి పట్టుకున్నాను. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉంది. నాకంటే పెద్దది. మా ఊరి పేరు చెప్పగానే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

నేను నిలబడే చెప్పాను. విభూది వేసింది నేనని, ఆయన గుడ్డ మరవలేదని. ఆమె కళ్లల్లో తడి లేదు.

"అయిందా?" అన్నది.

"అయిందక్కా."

"ఇది నాకు ఆ పొద్దే తెలుసు. ఇంటికొచ్చి చెప్పినాడు. ఆ పాప పేరు బయటికి తీస్తే నామీద ఒట్టే అన్నాడు. పన్నెండేండ్లకు దగ్గర పడింది. గుడ్డ మేస్త్రీ పెండ్లామా అని నన్ను పిలుస్తాంటే పలుకుతాండా. నాకెందుకమ్మా చెప్తావు? పిల్చేటోళ్లకు పోయి చెప్పు."

లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

బస్టాండు దగ్గర టీ అంగడి ఉంది. బెంచీల మీద ఏడెనిమిది మంది ఉన్నారు, ఎక్కువగా రైతులే, అనంతపురం బస్సు కోసం చూస్తున్నారు. ఆడది ఒంటరిగా ఆ అంగట్లోకి పోదు. నేను పోయి మధ్యలో నిలబడ్డాను.

"మొన్న ఇంజన్ మేస్త్రీ పోయినాడు, తెలుసునా మీకు?"

"యా మేస్త్రీ?" అన్నాడొకడు. "ఓ, గుడ్డ మేస్త్రీనా?" అన్నాడు ఇంకొకడు, టీ ఊదుకుంటూ. ఇద్దరు నవ్వారు.

"ఆయప్ప గుడ్డ మర్సలేదు" అన్నాను. నా గొంతు అసలే మొరటు. అంగడంతా వినబడింది. "ఆ ఇంజన్ మాది. నూనెలో ఇబూది ఏసింది నేను. నన్ను కాపాడేకి ఆయప్ప గుడ్డ మర్సినానని చెప్పినాడు. పదకొండు గుడ్డలకు పదకొండూ బయటుండె."

నవ్వులు ఆగాయి. ఒక పెద్దాయన, తెల్లమీసాలాయన, నా వైపు వంగి అడిగాడు.

"ఇంజన్‌లో ఇబూది ఎందుకేసినావమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. విభూది వేశానని ఒప్పుకుంటే చాలనుకున్నాను. అంగడి మూలన పేటవాళ్ల కోసం వేరేగా పెట్టిన గ్లాసులు నాలుగు మేకులకు తగిలించి ఉన్నాయి. వాటి కింద నేల మీద ఒకతను కూర్చుని టీ తాగుతున్నాడు. అతను కూడా తల ఎత్తి చూస్తున్నాడు.

"ఆయప్ప చెయ్యి తగిలిందని" అన్నాను.

అనంతపురం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు కేక వేశాడు. బెంచీల మీద నుంచి ఒక్కరూ లేవలేదు.